మా ఫారంలో మనుషులకు గడి లేదు

(విజయవాడలో ఒక కాలనీ సంఘం గ్రంథాలయ హాల్లో ఏర్పాటు చేసిన సభలో పదవీ విరమణ చేసిన ట్రాఫిక్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలు కూడా వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో కూర్చోండమ్మా, ఇవాళ నేను చెప్పేది మీ గురించే. ఇప్పుడు మొదలుపెట్టిన పని ఫలితం కనబడేసరికి ఇక్కడున్న మాలాంటివాళ్లం ఉండం, మీరు ఉంటారు.

ఆరింటికి మొదలుపెడదామనుకున్నాం, ఆరూ ముప్పావు అయింది. ఏలూరు రోడ్డు మీంచి వచ్చినవాళ్లు ఎంతసేపు ఆగిపోయారో నాకు తెలుసు. నేనూ అక్కడే ఆగాను. పక్కన ఒక ఆటోలో చిన్న పాపను ఆసుపత్రికి తీసుకెళుతున్నారు. ఆ తల్లి మాటిమాటికీ తల బయటపెట్టి ముందుకి చూస్తోంది. ఏం చేయగలం, అందరం ఇరుక్కుపోయి ఉన్నాం. ఆ అమ్మాయి మొహమే ఇప్పటికీ కళ్లముందు ఉంది. అందుకే ఈరోజు ట్రాఫిక్ గురించి పాఠంలా కాకుండా మనసులో ఉన్నది చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చిన మొదటి పని బండ్లు లెక్కపెట్టడం. బందరు రోడ్డు మీద ఒక కూడలిలో, ఒక కిళ్లీకొట్టు పక్కన మడత కుర్చీ వేసుకుని పొద్దున్నే ఆరింటికి కూర్చునేవాణ్ని. చేతిలో ప్యాడ్, దాని మీద ఒక ఫారం. ఫారంలో నిలువు గళ్లు: సైకిలు, రిక్షా, స్కూటరు, ఆటో, కారు, బస్సు, లారీ, ఎడ్లబండి. బండి వెళ్లగానే దాని గడిలో ఒక గీత. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. పావుగంటకోసారి కొత్త వరస. సాయంత్రం ఆఫీసుకి వెళ్లి ఆ గీతలన్నీ కూడి, ఒక్కో బండినీ కారు లెక్కలోకి మార్చేవాళ్లం. స్కూటరు అంటే అర కారు. బస్సు అంటే సుమారు మూడు కార్లు. మొత్తం ఎన్ని కార్లయితే, రోడ్డు అంత వెడల్పు కావాలి. పద్ధతి అది.

రెండో రోజో మూడో రోజో, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక సిటీ బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కుర్రాళ్లు వేలాడుతున్నారు, కిటికీల్లోంచి టిఫిన్ బాక్సులు కనబడుతున్నాయి. డెబ్బై మందికి తక్కువ లేరు. బస్సు గడిలో ఒక గీత గీశాను. దాని వెనకే ఒక కారు, లోపల ఒక్క మనిషి. కారు గడిలో ఒక గీత గీశాను. గీసిన తర్వాత పెన్సిలు ఆగిపోయింది. సాయంత్రం మా సారుని అడిగాను, "ఆ బస్సులో డెబ్బై మంది ఉన్నారు సార్, అది ఎక్కడ రాయాలి?" ఆయన ఫారం తిప్పి చూశారు. వెనక్కి తిప్పి చూశారు. "దానికి గడి లేదయ్యా" అన్నారు.

ఆయన చాలా మంచి ఇంజనీరు. నాకు పని నేర్పింది ఆయనే. ఆ ఫారం ఆయన తయారుచేసిందీ కాదు. కానీ ఆ మాట నన్ను ముప్పై ఏళ్లకు పైగా వెంటాడింది. ఎందుకంటే మా డ్రాయింగులన్నీ ఆ ఫారంలోంచే పుట్టాయి. ఫారంలో లేని మనిషి డ్రాయింగులోకి ఎలా వస్తాడు? డెబ్బై మందిని మోసే బస్సు మా లెక్కలో మూడు కార్ల చోటు తినే బండిగా మాత్రమే మిగిలింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మేము కార్ల సంఖ్యకి చోటు చేశాం. ఆ చోటు రెండు మూడేళ్లలో నిండిపోయింది. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ వెడల్పు చేశాం.

ఆ గడి ఉన్న ఊరు ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటూ పుస్తకాలు చదివినప్పుడు నాకు దొరికిన పేరు కురిటిబా. అలా రాస్తారు, వాళ్లు పలికేది మాత్రం కురిచీబా. బ్రెజిల్ దక్షిణాన పరానా అనే రాష్ట్రానికి రాజధాని. లండనో సింగపూరో అయితే వాళ్ల దగ్గర డబ్బుంది, మనకెక్కడిది అంటారు. కురిచీబా అప్పట్లో డబ్బున్న ఊరు కాదు. పల్లెల్లో సేద్యం వదిలి వచ్చినవాళ్లతో ఉబ్బిపోయిన ఊరు. 1950లో జనాభా సుమారు లక్షా ఎనభై వేలు. 1960కి దాదాపు మూడు లక్షల అరవై వేలు. పదేళ్లలో రెట్టింపు. 1970కి ఆరు లక్షలు. ఈ అంకెలు వింటుంటే మీకు మన ఊరే గుర్తొచ్చి ఉంటుంది.

అదే దేశంలో, అదే కాలంలో, 1960లో బ్రసీలియా అనే కొత్త రాజధానిని ఖాళీ నేల మీద కట్టారు. వెడల్పాటి రోడ్లు, గొప్ప భవనాలు. కారులో తిరిగే మనిషిని మనసులో పెట్టుకుని గీసిన ఊరు. ప్రపంచమంతా అటే చూసింది. ఖాళీ నేల మీద గీత గీయడానికి ఎవరి ఇల్లూ అడ్డం రాదు. కురిచీబాకి ఆ సౌకర్యం లేదు. ఉన్న వీధులు, ఉన్న ఇళ్లు, ఉన్న జనంతోనే చేసుకోవాలి. నదికి అవతల కొత్త రాజధాని గీతలు చూసి, ఇవతల మన పాత బెజవాడకి ఇంకేం చేయలేం అని నిట్టూర్చేవాళ్లకి నేను ఈ రెండు ఊళ్ల కథ తప్పకుండా చెబుతుంటాను.

కురిచీబాకి అంతకుముందే ఒక ప్లాను ఉంది. 1943లో అగాష్ అనే ఫ్రెంచి నిపుణుడు వేసిచ్చాడు. ఊరి మధ్య నుంచి పెద్ద పెద్ద రోడ్లు, చుట్టూ వలయాలు. అంత డబ్బు లేక చాలా భాగం కాగితం మీదే ఉండిపోయింది. 1960ల మధ్యలో కొత్త ప్లాను కోసం పోటీ పెట్టారు. సావో పాలోకి చెందిన జార్జ్ విల్‌హైమ్ బృందం గెలిచింది. ఆ ప్లాను మంచిదే. కానీ దానికన్నా గొప్ప పని 1965లో ఇంకొకటి జరిగింది. ఆ ప్లానుని కనిపెట్టుకుని ఉండటానికి, ఏటేటా సరిచేసుకుంటూ అమలు చేయించడానికి ఒక సంస్థను పెట్టారు. ఇప్పుక్ అంటారు. కురిచీబా నగర పరిశోధన, ప్రణాళికా సంస్థ. మేయర్లు వస్తారు, పోతారు. ఇప్పుక్ ఉంటుంది. 1966లో ప్లాను చట్టమైంది.

అక్కడ పనిచేసినవాళ్లలో జైమే లెర్నర్ ఒకరు. ఆర్కిటెక్టు. ఆ సంస్థకి నాయకత్వం వహించి, 1971లో మేయరయ్యారు. అప్పుడు బ్రెజిల్‌లో సైనిక పాలన, మేయర్లను నియమించేవారు. ఇది దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. జనం ఎన్నుకోని మేయరు కాబట్టే చేయగలిగాడు అనే విమర్శ ఉంది, అందులో కొంత నిజం ఉంది. అయితే 1988లో అదే లెర్నర్ జనం ముందుకి వెళ్లి ఎన్నికల్లో గెలిచారు. ఆ తర్వాత ఎన్నికైన మేయర్లూ ఆ దారిని చెరిపేయలేదు. ఇప్పుక్‌లో అధ్యక్షుడిగా చేసిన ఇంజనీరు కాసియో తనిగూచి 1997 నుంచి ఎనిమిదేళ్లు మేయరుగా ఉన్నారు. ప్రభుత్వం మారితే పాత శంకుస్థాపన రాయి పక్కన కొత్త రాయి పాతుకునే మనకి, ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన విషయం.

సరే, వాళ్లు గీసిందేమిటి? పిల్లలూ, నా చెయ్యి చూడండి. ఈ మూడు వేళ్లు మూడు సమాంతర వీధులనుకోండి. మధ్య వేలు మీద, రోడ్డు నడిమధ్యలో రెండు దారులు పూర్తిగా బస్సులకే. ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి. ఆ బస్సు దారికి అటూ ఇటూ నెమ్మదిగా వెళ్లే సన్నటి దారులు. అక్కడ షాపులకీ ఇళ్లకీ వచ్చే కార్లు వెళతాయి. ఇక పక్క వేళ్లు. ఇది ఒక వీధి అవతల ఉన్న రోడ్డు, వన్ వే, ఊళ్లోకి. ఇది రెండో పక్క రోడ్డు, వన్ వే, ఊరి బయటికి. వేగంగా వెళ్లాల్సిన కార్లు అటు. అంతే. ఒకే ఒక్క వెడల్పాటి రోడ్డు వేయాలంటే వందల ఇళ్లు పడగొట్టాలి. ఉన్న మూడు వీధులకి మూడు పనులు పంచి ఇస్తే ఆ పడగొట్టడం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు వేళ్ల మధ్య ఖాళీ చూడండి. అసలు తెలివంతా ఇక్కడుంది. ఈ మూడు వీధుల మధ్య స్థలాల్లో ఎత్తయిన భవనాలు కట్టుకోవచ్చు అన్నారు. దూరం జరిగేకొద్దీ ఎత్తు తగ్గాలి అన్నారు. అంటే ఎక్కువమంది ఎక్కడ ఉంటారో, అక్కడే బస్సు ఉంటుంది. ఇంట్లోంచి దిగి నాలుగడుగులు వేస్తే బస్సు. బస్సుకి కావలసిన జనం ఆ దారి పక్కనే ఉంటారు కాబట్టి బస్సు ఖాళీగా తిరగదు. అలాంటి దారులు చివరికి ఐదు అయ్యాయి. విమానం నుంచి తీసిన ఫోటోలు చూస్తే, మన డెల్టాలో వరిచేల మధ్య గట్టు మీద తాటిచెట్లు వరసగా కనబడతాయి చూడండి, అచ్చం అలా ఉంటుంది. చుట్టూ పొట్టి ఇళ్లు, మధ్యలో వరసగా ఎత్తయిన మేడలు. ఆ వరస వెంబడి బస్సు.

మనం చేసేదేమిటి? పొలంలో ముందు పది అంతస్తుల అపార్టుమెంటు లేస్తుంది. జనం దిగుతారు. తర్వాత రోడ్డు అడుగుతాం. తర్వాత డ్రైనేజీ. బస్సు గురించి అడిగేసరికి ప్రతి ఇంటి కిందా రెండు స్కూటర్లు, ఒక కారు ఉంటాయి. ఇంక బస్సు వచ్చినా ఎక్కేదెవరు? బిల్డింగ్ ప్లానుకి ఆమోదం ఇచ్చిన రోజే పదేళ్ల తర్వాతి ట్రాఫిక్‌కి కూడా సంతకం పెట్టేస్తున్నాం. ట్రాఫిక్ పోలీసు ఎండలో నిలబడి విజిల్ ఊది ఆ సంతకాన్ని మార్చలేడు.

ఒక్క రోజులో ఇవన్నీ రాలేదు. 1974 సెప్టెంబరులో ఉత్తర దక్షిణ దారిలో మొదటి ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలయ్యాయి. 1980కి వేరువేరు లైన్లని కలిపి ఒకే టికెట్టు తెచ్చారు. 1991లో గొట్టం ఆకారపు స్టేషన్లు, 1992లో మూడు ముక్కలు కలిపిన పొడవాటి బస్సు. దాంట్లో 270 మంది పడతారు. 1966లో గీసిన గీత మీద ఇరవై ఆరేళ్ల తర్వాత అంత పెద్ద బస్సు నడిచిందంటే, మధ్యలో ఆ దారిని ఎవరూ కార్లకి ఇచ్చేయలేదన్నమాట. ఆ బస్సు తయారుచేసిన వోల్వో ఫ్యాక్టరీ కూడా ఆ ఊళ్లోదే. 1973లో పరిశ్రమల కోసం ఊరి పడమటి వైపు స్థలం ఒక చోట కేటాయించి పెట్టారు. ఆ కంపెనీ అక్కడికొచ్చింది.

ఆ గొట్టం స్టేషను గురించి కాస్త వివరంగా చెప్పాలి, నాకు అదంటే అంత ఇష్టం. రోడ్డు పక్కన పడుకోబెట్టిన పెద్ద గాజు గొట్టం ఊహించుకోండి. ఒక చివర మెట్లు, పక్కనే వీల్‌చెయిర్ కోసం చిన్న లిఫ్టు. లోపలికి వెళ్లేటప్పుడే టికెట్టు డబ్బులు ఇచ్చేస్తారు. లోపల నేల ఎంత ఎత్తులో ఉందో, బస్సు నేల అంతే ఎత్తు. బస్సు వచ్చి ఆగగానే బస్సు తలుపుల దగ్గర చిన్న పలకలు కిందికి వాలి గొట్టం అంచు మీద ఆనుతాయి. ఇక గడప దాటినట్టు దాటి లోపలికి వెళ్లడమే. మెట్టు లేదు, చిల్లర లేదు, కండక్టరు కోసం వెతుకులాట లేదు. ఒకేసారి నాలుగైదు తలుపుల్లోంచి జనం ఎక్కుతారు, దిగుతారు.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. సిటీ బస్సు మొదటి మెట్టు ఎక్కాలంటే ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, వెనక నుంచి ఎవరో ఒకరు "ఎక్కమ్మా, ఎక్కమ్మా" అంటుంటే, ఒక పాదం పెట్టి ఆగి, ఊపిరి తీసుకుని రెండోది పెట్టేది. ఈలోపు బస్సు కదిలేది. ఒకసారి పడిపోయింది కూడా. ఆ తర్వాత ఆమె బస్సు ఎక్కలేదు. గుడికి వెళ్లడం తగ్గించేసింది. ఆటో డబ్బులు దండగ అనేది. ఆ గొట్టం బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. ఆ స్టేషను గీసినవాళ్లకి ఒక ముసలమ్మ కాలు ఎంత ఎత్తు లేస్తుందో తెలుసు అనిపించింది.

ఇంకొక ముఖ్యమైన విషయం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డబ్బు. అక్కడ బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలే. 1980లలో ఒక మార్పు చేశారు. ఎంతమందిని ఎక్కించారు అని కాకుండా, ఎన్ని కిలోమీటర్లు నడిపారు అని లెక్కగట్టి కంపెనీకి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. దీని అర్థం ఏమిటో మీకు మన షేర్ ఆటోని చూస్తే తెలుస్తుంది. ఆ డ్రైవరు రోడ్డు మధ్యలో టక్కున ఎందుకు ఆగుతాడు? ముందు నిలబడ్డ మనిషి పది రూపాయలు. వెనక వచ్చే ఆటో అతన్ని ఎక్కించుకుంటే ఆ పది పోయినట్టే. సాయంత్రానికి ఫైనాన్సు కట్టాలి, గ్యాసు కొట్టించాలి, ఇంటికి బియ్యం తీసుకెళ్లాలి. అందుకని బ్రేకు వేస్తాడు. మనం వెనక నుంచి తిడతాం. అతన్ని తిట్టి ఏం లాభం? అతనికి డబ్బు వచ్చే పద్ధతి అతన్ని అక్కడ ఆపుతోంది. కిలోమీటరుకి డబ్బు ఇచ్చి చూడండి, స్టాపులోనే ఆగుతాడు.

ఒకే టికెట్టు వల్ల ఇంకో మేలు జరిగింది. పేదవాళ్లు ఊరి శివార్లలో ఉంటారు, దూరం ప్రయాణిస్తారు. ఉన్నవాళ్లు ఊరి మధ్యలో ఉంటారు, కొద్ది దూరమే వెళతారు. అందరికీ ఒకే చార్జీ పెడితే దగ్గరివాళ్లు ఇచ్చే డబ్బుతో దూరంవాళ్ల ప్రయాణం సాగుతుంది. చెత్త బండి వెళ్లలేని ఇరుకు పేటల్లో అయితే, చెత్త సంచీలు తెచ్చి ఇచ్చినవాళ్లకి బస్సు టికెట్లు ఇచ్చారు. పేట శుభ్రమైంది, మనిషికి బస్సు దొరికింది.

ఇప్పుడు అందరూ ఇష్టపడే కథ. ఊరి నడిబొడ్డున నవంబరు 15 వీధి అని ఒకటుంది. 1889లో ఆ తేదీన బ్రెజిల్ గణతంత్రమైంది, అదీ ఆ పేరు. మన బీసెంట్ రోడ్డు లాంటిదే అనుకోండి, బట్టల షాపులు, చెప్పుల షాపులు, జనం. 1972 మే నెలలో లెర్నర్ ఆ వీధిలో కార్లు ఆపేసి నడిచేవాళ్లకి ఇచ్చేద్దామన్నారు. షాపులవాళ్లు మండిపడ్డారు. కార్లు రాకపోతే బేరాలు ఎక్కడివి అన్నారు. పని నెలల తరబడి సాగితే మధ్యలో కోర్టుకెళ్లి ఆపించేస్తారని ఆయనకి తెలుసు. శుక్రవారం సాయంత్రం పని మొదలుపెట్టి, మూడు రోజుల్లో రోడ్డు తవ్వి, రాళ్లు పరిచి, పూలమొక్కలు, బెంచీలు, దీపాలు పెట్టేశారు. సోమవారానికి వీధి తయారు. కొద్ది రోజులకే షాపులవాళ్లకి బేరాలు పెరిగాయి, పక్క వీధిలో కూడా చేయండి అని అడిగారు.

కార్ల యజమానుల క్లబ్బువాళ్లు మాత్రం వదల్లేదు. వచ్చే శనివారం వరసగా కార్లు తెచ్చి ఆ వీధిలోంచే నడుపుతాం అన్నారు. వాళ్లు వచ్చేసరికి వీధి పొడుగునా తెల్ల కాగితం చుట్టలు పరిచి ఉన్నాయి. వాటి మీద పిల్లలు బోర్లా పడుకుని రంగులు వేస్తున్నారు. కార్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు శనివారం పొద్దున ఆ వీధిలో పిల్లలు బొమ్మలు వేసుకోవడం ఆనవాయితీ అయింది.

సంక్రాంతి ముందు బీసెంట్ రోడ్డులో నడిచినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. అక్కడ ఆ బేరాలన్నీ నడిచి వచ్చినవాళ్లవే కదా.

వెనక నుంచి ఒక అన్నయ్య చెయ్యి ఎత్తుతున్నారు. చెప్పండి... అవును. మంచి ప్రశ్న, అడుగుతారనే అనుకున్నాను. "మనకీ బీఆర్‌టీఎస్ రోడ్డు ఉందిగా, దాని సంగతేంటి?" అని అడుగుతున్నారు.

ఉంది. బీఆర్‌టీఎస్ అంటే బస్సులకి విడిగా దారి ఇచ్చే పద్ధతి. మన రోడ్డు సత్యనారాయణపురం మీదుగా వెళుతుంది. ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలు ఉండేవి, మీలో పెద్దవాళ్లు ఆ రైలు ఎక్కి ఉంటారు. పట్టాలు తీసేసినప్పుడు ఊరి మధ్యలో, ఇళ్లు పడగొట్టనక్కర్లేకుండా, అంత పొడవున స్థలం దొరికింది. ఏ ఊరికైనా అది అదృష్టం. 2005లో కేంద్రం నగరాలకి డబ్బులిచ్చే పథకం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే మన రోడ్డు వచ్చింది, విశాఖలో పెందుర్తి, సింహాచలం దారులు వచ్చాయి. మధ్యలో బస్సుకి దారి వేసుకున్నాం. కానీ ఆ దారి నిండా నడిచే బస్సులు రాలేదు. ఇవాళ సాయంత్రం అక్కడికి వెళితే నడకకి వచ్చినవాళ్లు, టిఫిన్ బండ్లు కనబడతాయి. నడకకి వచ్చినవాళ్లని నేనేమీ అనను, ఊళ్లో వాళ్లకి నడిచే చోటు ఇంకెక్కడుంది? కానీ ఆ రోడ్డు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ తరం ఇంజనీర్లలో నేనూ ఒకణ్ని.

లోపం ఎక్కడ జరిగిందంటే, మనకి రోడ్డు వచ్చింది, దానితో పాటు రావలసినవి రాలేదు. దారి పక్కన ఎలాంటి భవనాలు రావాలో ముందే నిర్ణయం కావాలి. పేటల నుంచి జనాన్ని తెచ్చి ఆ దారిలో కలిపే చిన్న బస్సులు కావాలి. ఆరో నిమిషానికి ఇంకో బస్సు వస్తుందన్న నమ్మకం జనానికి కలగాలి. వీటన్నిటినీ పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టుకుని కూర్చునే ఒక సంస్థ కావాలి. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాక ఆ రోడ్డుకి అమ్మా నాన్న ఎవరు? ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు వేశారు, 2016లో తవ్వేశారు. అహ్మదాబాదులో 2009లో మొదలుపెట్టిన జన్‌మార్గ్ మాత్రం నిలబడింది. అక్కడ నగరపాలక సంస్థ దానికోసం విడిగా ఒక కంపెనీ పెట్టి, దారితో పాటే బస్సులూ దించింది.

కురిచీబా స్వర్గం అని నేను చెప్పడం లేదు. ఇప్పుడు అక్కడ కార్లు విపరీతంగా పెరిగాయి. రద్దీ వేళల్లో ఆ పొడవాటి బస్సులు కిక్కిరిసి ఉంటాయి, కొంతమంది విసిగిపోయి బస్సు మానేశారు. మెట్రో గురించి దశాబ్దాలుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంకో సంగతి, ఆ ప్లాను గీసినప్పుడు నగరం సరిహద్దు దాకానే గీశారు. చుట్టుపక్కల ఊళ్లు తర్వాత పెరిగి పెద్దవయ్యాయి, వాటికి ఆ గీతలు లేవు. మనకి ఇది మరీ ముఖ్యం. మనం ప్లాను అన్నప్పుడు బెజవాడ ఒక్కటే చూస్తే చాలదు. పోరంకి, కానూరు, గొల్లపూడి, నదికి అవతల తాడేపల్లి, మంగళగిరి కూడా అందులో ఉండాలి. పొద్దున మన రోడ్ల మీదికి వచ్చే జనం అక్కడి నుంచి వస్తున్నారు.

మన ఊరికి ఇంకొక కష్టం ఉంది, అది దేవుడిచ్చింది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క కొండలు, మధ్యలో మూడు కాలవలు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. వంతెన ఉన్నచోటే దాటాలి. ఎటు వెళ్లినా ఒక వంతెన దగ్గర అందరం కలుస్తాం. ఇలాంటి ఊళ్లో రోడ్డుని ఎంతని వెడల్పు చేస్తాం? బెంజ్ సర్కిల్ దగ్గర రెండు ఫ్లైఓవర్లు వచ్చాయి. హైవే మీద చెన్నై వైపు నుంచి వచ్చే లారీ ఊళ్లో ఆగకుండా వెళ్లిపోతోంది, అది మంచిదే. ఆ ఫ్లైఓవర్ కింద నిలబడి చూడండి. బందరు రోడ్డు మీద బస్సు దిగి అటు దాటాల్సిన కాలేజీ అమ్మాయి బ్యాగు గుండెకి అదుముకుని, చెయ్యి అడ్డంపెట్టుకుంటూ పరిగెత్తుతోంది. కోట్లు ఖర్చుపెట్టి లారీకి దారి ఇచ్చాం. ఆ అమ్మాయికి ఇంకా ఇవ్వలేదు.

వెడల్పు చేయలేని ఊరికి మిగిలిన దారి, ఉన్న వెడల్పులో ఎక్కువమంది మనుషుల్ని పంపడం. కారులో ఒక్కరు వెళ్లే చోటులో బస్సు అయితే ఎంతమందిని తీసుకెళ్తుందో మీరే లెక్కేయండి. మూడు కార్ల చోటు, డెబ్బై మంది. ఇది తెలుసుకోవడానికి విదేశీ కన్సల్టెంట్లు అక్కర్లేదు, కిళ్లీకొట్టు పక్కన ఒక మడత కుర్చీ చాలు.

కార్పొరేటర్లని కలిసినప్పుడు మీరు సాధారణంగా ఏమడుగుతారు? మా వీధిలో సిమెంటు రోడ్డు, మా సందులో లైటు. అడగండి, తప్పులేదు. దానితో పాటు ఈ మూడూ అడగండి: ఇరవై ఏళ్ల తర్వాత బస్సు ఏ దారిలో వెళుతుందో గీసిన మ్యాపు ఉందా, ఆ దారి పక్కన కట్టే బిల్డింగులకి అనుమతి ఆ మ్యాపు చూసే ఇస్తున్నారా, మీ తర్వాత వచ్చేవాళ్లు దాన్ని మార్చాలంటే ఎవరిని అడగాలి? మొదటిసారి జవాబు రాదు. రెండోసారీ రాకపోవచ్చు. కురిచీబాలో చట్టమైన తర్వాత మొదటి బస్సు కదలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉండి ఉంటారు.

టైమైపోయింది, గ్రంథాలయం మూసేయాలి, వాచ్‌మన్ తమ్ముడు రెండుసార్లు తొంగి చూశాడు. ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఈ మధ్య ఇంట్లో కూర్చుని పాత ఫారం మళ్లీ టైపు చేయించాను. సైకిలు, ఆటో, కారు, బస్సు, అన్నీ అలాగే ఉంచాను. చివర్లో ఒక గడి కలిపాను, "లోపల ఎంతమంది" అని. నడిచి రోడ్డు దాటేవాళ్ల కోసం ఇంకో గడి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి బెంజ్ సర్కిల్ దగ్గర, బందరు రోడ్డు వైపు బస్‌స్టాపులో ఉంటాను. పదిన్నర దాకా లెక్కపెడదాం. పెద్దవాళ్లు తోడుంటే పిల్లలు కూడా రావచ్చు, వాళ్ల కళ్లు చురుగ్గా ఉంటాయి. ప్యాడ్లు, పెన్సిళ్లు నేనే తెస్తాను. మంచినీళ్ల సీసా మాత్రం మీరు తెచ్చుకోండి, అక్కడ నీడ లేదు.